హన్మమ్మ దాచిన నెలలు

నారాయణఖేడ్‌లో హన్మమ్మ మాటంటే మాటే అని పేరు. కానీ ఆమె ఒక అబద్ధాన్ని ఇరవై రెండేండ్లు మోసింది. బిడ్డ సంతోషి ఏడో నెలలోనే పుట్టింది. అరచేతిలో ఇమిడేంత పిల్ల. దూది పరిచిన చాటలో పెట్టి సాకారు. తల్లికి పాలు పడకపోతే పక్కింటి ఆబెదా తన కొడుకుతోపాటు ఈ పిల్లకూ రొమ్మిచ్చింది. ఆ ముచ్చట ఆబెదా ఎన్నడూ బయట అనలేదు. ఏడునెలల పిల్ల అని తెలిస్తే పెండ్లిచూపులకు ఎవరూ గడప తొక్కరని హన్మమ్మ భయం. అడిగినవాళ్లందరికీ నవమాసాలు నిండాయనే చెప్పింది. సంతోషికీ అదే చెప్పింది.

2012లో, పెండ్లయిన సంతోషికి కడుపుతో ఆరో నెల. దవాఖానకు వియ్యపురాలు మణెమ్మ కూడా వచ్చింది.

నర్సు బీపీ పట్టీ విప్పుతూ, "జరంత ఎక్కువుంది. నువ్వు నెలలు నిండినంకనే పుట్టినవా బిడ్డా?" అంది.

"నిండినయ్ సిస్టర్," అంది హన్మమ్మ, బిడ్డ నోరు తెరవకముందే.

"అట్లయితే పదిహేను రోజులకు రాండ్రి. నెలలు తక్కువ పుట్టినోళ్లకు కడుపుతోని ఉన్నప్పుడు బీపీ పెరుగుడు ఎక్కువ. వాళ్లనైతే వారం వారం చూస్తం."

బయట మణెమ్మ కోడలిని వంగనీయకుండా చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. అది చూశాక హన్మమ్మకు అడుగు పడలేదు. దేవుణ్ణి తలుచుకుని వెనక్కి తిరిగింది.

"సిస్టర్, అబద్ధం చెప్పిన. ఇది ఏడు నెలలకే పుట్టింది."

వెనకే వచ్చిన మణెమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఏంది వదినా! పెండ్లప్పుడు చెప్పకపోతివి?"

"చెప్తే చేసుకుందురా?"

మణెమ్మ కోడలి వైపు చూసింది. "చేసుకోకపోదుము," అంది. "ఇగ గా ముచ్చట ఎందుకు? ఒక వారం నువ్వు తోల్కరా, ఒక వారం నేను తోల్కొస్త."

"నాకన్న చెప్పకపోతివి గదనే అమ్మా," అంది సంతోషి. అత్త చెయ్యి పట్టుకుని ముందు నడిచింది.

ఎనిమిదో నెల దాటగానే ఒక సోమవారం బీపీ బాగా పెరిగింది. ఆనాడు మణెమ్మ వంతు. నర్సు ఇంటికి పోనీయక, అటునుంచి అటే పెద్ద దవాఖానకు పంపింది. మూడోనాడు కాన్పు అయింది. ఆడపిల్ల, రెండు కిలోలు. తల్లీ బిడ్డా క్షేమం.

పిల్ల కార్డు రాస్తున్న అమ్మాయి ముందు హన్మమ్మ నిలబడింది.

"నెలలు నిండలేదని రాయి బిడ్డా. బరువు గూడ రాయి. రేపు గీ పిల్లకు అక్కరకొస్తది."