తెల్లబడ్డ ఉంగరం

మా బడి ల్యాబులో పాదరసం సీసా తీసినప్పుడల్లా పిల్లలకు ముందుగా చెబుతాను: "చేత్తో ముట్టుకోవద్దు. బంగారం ఏదన్నా ఉంటే తీసి పక్కన పెట్టండి." ఆ మాట అన్న ప్రతిసారీ నాకు రూతు గుర్తొస్తుంది.

అద్దంకి దగ్గర మా ఊళ్ళో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మిరపకాయల తొడిమలు తీయడానికి మరియమ్మ మా ఇంటికి వచ్చేది. ఆమె కూతురే రూతు, నా ఈడుదే. ఒకరోజు ఇంట్లో థర్మామీటరు పగిలింది. నేలమీద జారిన వెండి బొట్లను ఇద్దరం అరచేతుల్లో దొర్లించుకుంటూ ఆడుకున్నాం.

"నీ ఉంగరం ఒక్కసారి పెట్టుకోనా?" అంది రూతు. నా బంగారు ఉంగరం తీసి ఇచ్చాను. తిరిగి ఇచ్చేసరికి అది తెల్లగా ఉంది.

"అమ్మా, రూతు నా ఉంగరం మార్చేసింది!" అని అరిచాను. నిజంగా అలాగే అనుకున్నాను.

అమ్మ రూతు జుట్టు పట్టుకుని, "ఎక్కడ దాచావే?" అంటూ చెంపలు వాయించింది. భయపడిపోయిన మరియమ్మ కూడా ఏడుస్తూనే కూతుర్ని కొట్టింది.

మర్నాడు కంసాలి ఉంగరం చూసి, "పాదరసం పట్టిందమ్మా. కాలిస్తే పోద్ది. ఆ ఆవిరి విషం, పాపను బయటికి తీసుకెళ్ళండి" అన్నాడు. కాసేపటికి ఉంగరం మళ్ళీ పచ్చగా మా చేతికొచ్చింది.

"అయితే రూతు తియ్యలేదుగా అమ్మా?"

"నోర్ముయ్. ఎవరికీ చెప్పమాక."

రూతు తర్వాత కూడా వచ్చేది. సాయంత్రం వెళ్ళేముందు రెండు చేతులూ చాపి, లంగా దులిపి అమ్మకు చూపించేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఒక్కరోజు కూడా నోరు విప్పలేదు.