పాసిపచ్చా, అరక్కా

పొంగలి పండక్కి ముందు మిల్లు లైన్ ఇళ్లన్నిటికీ సున్నం కొట్టడం ఆనవాయితీ. ఆ ఏడు మా అమ్మ మాత్రం నాయన మంచం ఉన్న గదికి ముదురు రంగు ఆయిల్ పెయింట్ వేయిస్తానంది. ఆ గదికి ఒకటే కిటికీ, అదీ పక్కింటి గోడ వైపు. చీకటికి కొరతేమీ లేదు.

కారణం నాకెవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. నాయనది పత్తి బేళ్లు విప్పే బ్లోరూములో పని. ఇంటికొచ్చి మంచమెక్కితే గోడవైపు తిరిగి దగ్గేవాడు. కొన్నాళ్లుగా ఆ దగ్గులో రక్తం పడుతోంది. తెల్లగోడకు ఏదీ దాచుకోవడం తెలియదు. పక్కింట్లో ఉండేది మిల్లులో నాయన పైమేస్త్రీ, సాయంత్రం కాఫీకి మా ఇంటికే వచ్చే మనిషి. ఆయన కంట పడితే మిల్లు డాక్టరు, ఆపైన ఇంటికి పంపేయడం. ఉద్యోగం పోతే లైన్ ఇల్లూ పోతుంది. నా కాలేజీ చదువు మాట ఎవరూ ఎత్తలేదు, మర్యాద తెలిసినవాళ్లు.

కొట్లోంచి రెండు చిన్న డబ్బాలు తెచ్చాం. ఒకటి నాచులాంటి పాసిపచ్చ, రెండోది ముదిరిన లక్కలాంటి అరక్కు.

"పచ్చే కొట్టించు," అన్నాడు నాయన. "పొద్దంతా తెల్లపత్తే చూస్తాండా. ఇంటికొస్తే కారమడైలో మన పాత తోటలో పండుకున్న మాదిరి ఉంటాది."

"తోటంట తోట! అది నిలిచుంటే మిల్లుకెందుకు వస్తిరి?"

"నీ చేతి కూడు తిని బతికినోణ్ణి, మిల్లు నన్నేమి చేస్తాది?"

"సరి సరి, మాట్లాడకుండా సుమ్మా ఉండండి."

అమ్మ మంచం పక్క గోడకు రెండు రంగులూ అరచేతంత మేర పూసి, కొన్నాళ్లు చూద్దామంది. అంత పద్ధతైన ప్రయోగం మా కాలేజీ లాబులో నేను చూడలేదు. కావలసిన సరుకు నాయనే సరఫరా చేశాడు. పచ్చ మీద మచ్చలు నల్లగా ఎండి కనిపించాయి. అరక్కు మీద పడినవి కనిపించనే లేదు.

నాయన లేచి కూర్చుని రెంటినీ చాలాసేపు చూశాడు.

"అరక్కే కొట్టించు," అన్నాడు.

పెద్ద డబ్బా తెప్పించి గదంతా వేయించాం. సాయంత్రం కాఫీకి పక్కింటి మేస్త్రీ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమ్మా, ఊరంతా తెల్లగా కొడితే మీరు గుహ మాదిరి చేసినారే?"

"వంటింటి పొగ, అన్నా," అంది అమ్మ.

ఆయన గుమ్మంలోనే నిలబడి కాఫీ తాగి వెళ్లిపోయాడు.

రంగు తన పని బాగానే చేసింది. ఎంత పడుతోందో చివరికి మాకే తెలియకుండా పోయింది. ఎండలు ముదరకముందే నాయన పోయాడు. ఉద్యోగం మాత్రం ఆఖరు దాకా ఉంది.

పలకరింపుకు వచ్చిన మేస్త్రీ ఆ గదిలో కూర్చుని గోడను అరచేత్తో మెల్లగా తడిమాడు. ఏదో చెప్పబోయి, తువాలు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. తువాలు మడిచి చంకలో పెట్టుకున్నాక అడిగాడు.

"ఈ రంగు ఏ కొట్లో తీసినారమ్మా?"

అమ్మ ఆ తువాలు వైపు చూసింది.

"కొట్టుకెందుకు పోతారన్నా? డబ్బాలో సగం మిగిలుండాది. తీసుకొని పోండి."