వైరు పీకని రోజు

మా బావ దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. తాళం వేశాక తలుపును మూడుసార్లు గుంజి చూస్తాడు. మెట్లు దిగాక మళ్లీ ఎక్కి నాలుగోసారి గుంజుతాడు. కూరలో ఉప్పు సరిపోయిందని మా అక్క చెప్పినా, తనూ ఓ చుక్క నాలుక మీద వేసుకుంటే గానీ ఆయనకు తృప్తి ఉండదు.

ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఇరవై ఆరేళ్లుగా ఆయన చేతుల మీదే నడుస్తున్నాయి. ఏదైనా మొరాయిస్తే లేపడానికి ముందుగానే బూటబుల్ సీడీలు చేసి ఉంచుతాడు. హార్డ్‌డిస్కులోని ఫైళ్లన్నీ తీసి, ఒకే నకలుగా, అంటే ఇమేజ్‌గా కట్టి, సీడీకి ఎక్కిస్తాడు. అక్కడితో వదలడు. హార్డ్‌డిస్కు వైరు పీకేసి, ఆ సీడీ ఒక్కదానితోనే కంప్యూటర్ లేస్తుందా అని చూస్తాడు. లేస్తేనే సంతకం. నేనూ అక్కడే మోటార్లు, పైపులు చూసుకుంటాను. ఈ తంతుకి విసుగెత్తి వైరు బావ అని పేరు పెట్టాను. నర్సులూ అదే ఖాయం చేశారు.

డయాలసిస్ వార్డుకి నీళ్లు శుద్ధిచేసే యంత్రాన్ని ఓ పాత కంప్యూటర్ నడుపుతుంది. దాన్ని అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పోయిన నెల దాని హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. అది పోతే నీళ్లు లేవు. నీళ్లు లేకపోతే పద్నాలుగు కుర్చీలూ దండగే. కిటికీ పక్క కుర్చీ మా అక్కది. రెండేళ్లుగా వారానికి మూడు రోజులు అందులో కూర్చుని ప్రాణం నిలబెట్టుకుంటోంది.

బావ రాత్రీపగలూ కూర్చుని ఇమేజ్ కట్టాడు. పరీక్షించుకోవడానికి హెడ్ నర్సు ఇరవై నిమిషాలే ఇచ్చింది. కంప్యూటర్ ఆపి, సీడీ పెట్టి, మూత విప్పి వైరు మీద చెయ్యి వేశాడు. వైరు ముట్టుకుంటే ఊడొచ్చేలా ఉంది. అవతల అక్క అప్పటికే జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని ఎదురుచూస్తోంది.

"ఈ ఒక్కసారికి పీకకు బావా. పాత వైరు, విరిగిందంటే మొదటికే మోసం," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. ఎన్నడూ లేనిది, నా మాట విన్నాడు. స్విచ్చి వేయగానే తెరమీద అంకెలొచ్చాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం. బావ సంతకం చేశాడు కానీ, మనసు ఒప్పి చేయలేదని నాకు తెలుసు.

ఆ సాయంత్రం అన్నం కెలుకుతూ, సీడీని చదువుతున్నట్టు చూపే లైటు రెండు క్షణాలు కూడా వెలగలేదన్నాడు. నీ అనుమానం నిన్ను మింగేస్తుందని వెక్కిరించాను. రెండు రోజులు నలిగి, మూడో రోజు పొద్దున్న తన గదిలోని కంప్యూటర్‌కి హార్డ్‌డిస్కు వైరు పీకి, ఆ సీడీ పెట్టాడు. తెర నల్లగా ఉంది. మూలన ఓ గీత కొట్టుకుంటోంది, అంతే.

తప్పేమిటో బావకి వెంటనే అర్థమైంది. కంప్యూటర్‌ని లేపే తొలి ముక్క హార్డ్‌డిస్కు మొదట్లో విడిగా ఉంటుంది. అది ఫైలు కాదు. ఫైళ్లన్నీ తీసుకున్నా అది రాదు, దాన్ని వేరుగా తీయాలి. ఆయన తీయడం మరిచాడు. ఆ రోజు సీడీతో లేవలేక కంప్యూటర్ చప్పుడు చేయకుండా పాత హార్డ్‌డిస్కుతోనే లేచింది. వైరు పీకి ఉంటే ఆ క్షణమే బయటపడేది. పీకనివ్వనిది నేను.

ఇద్దరం వార్డుకి పరుగెత్తాం. అక్క కుర్చీలో ఉంది, గొట్టాల్లో నెత్తురు తిరుగుతోంది. తెరమీద అంకెలు మామూలుగానే మారుతున్నాయి. బావ కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. లోపల ఏ కదలికా లేదు.

"డిస్కు చచ్చిపోయిందిరా. ప్రోగ్రాం మెమరీలో ఉంది కాబట్టి నడుస్తోంది. ఆ తొలి ముక్క ఇక తీయలేం, ఒక్కసారి ఆగితే మళ్లీ లేవదు," అన్నాడు గొంతు తగ్గించి.

బావ స్విచ్చికి వీపు ఆనించి, అటు ఎవరూ రాకుండా నిలబడ్డాడు. హెడ్ నర్సు మూడు ఆసుపత్రులకి ఫోన్ చేసింది. ఎక్కడా కుర్చీ ఖాళీ లేదు. ఈ పూట కుర్చీల్లో ఉన్నవాళ్లు ఎలాగోలా గట్టెక్కవచ్చనీ, రేపటి సంగతి మాత్రం తను చెప్పలేననీ బావ ఆమెకి చెప్పాడు.

అక్క అంతా వింటోంది. గొట్టాలున్న చెయ్యి కదపకుండా మా వైపు తల తిప్పింది.

"మరి ఎల్లుండి నేను ఎక్కడికి రావాలి?"