రెండిళ్ళ పిల్లి

అమలాపురంలో నేను అద్దెకున్న వాటాకి వీధివైపు తలుపు లేదు. ఇంటివాళ్ళ ప్రహరీ పక్క సందులోంచి వెళ్ళి, నూతిగట్టు దాటి, పెరటి వైపు నుంచి లోపలికి రావాలి. నేను ఆ వాటా తీసుకున్నదే అందుకు. నన్ను చూడాలంటే ఎవరైనా పనిగట్టుకుని రావాలి. అలా వచ్చేవాళ్ళెవరూ లేరు. రెవెన్యూ ఆఫీసులో చిన్న ఉద్యోగం, సాయంత్రం మెస్సులో భోజనం, ఆ తర్వాత బల్ల ముందు కాగితాలు. కథలు రాసేవాణ్ణి. వారపత్రికల్లో అప్పుడొకటి అప్పుడొకటి అచ్చయ్యేవి. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే దాని గురించి మాట్లాడాల్సి వస్తుంది.

పిల్లి కూడా పెరటి వైపు నుంచే వచ్చింది. తొంభైల చివర్లో ఒక వానాకాలం సాయంత్రం కిటికీ ఊచల మధ్య నుంచి దూరి, తడిసిన ఒళ్ళు నాక్కుంటూ నా కాగితాల మీదే కూర్చుంది. బూడిదరంగు మీద నల్ల చారలు. ఒక చెవి కొస తెగి ఉంది. పొమ్మన్నాను, పోలేదు. పాలు పోశాను. తాగి, అప్పుడు వెళ్ళింది. మర్నాడూ వచ్చింది. తర్వాత్తర్వాత చీకటి పడే వేళకి రావడం, పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరేదాకా మంచం మీద పడుకోవడం దానికి అలవాటైపోయింది. పేరు పెట్టలేదు. ఉన్నది మేమిద్దరమే కదా, పిలిచే అవసరం కనిపించలేదు.

"ఈ కథ తేలేలా లేదే," అనేవాణ్ణి దానితో. "మనం ఇంకో టీ పెట్టుకుందాం," అనేవాణ్ణి. ఆదివారాలు రోజు మొత్తం మీద నేను పలికే మాటలు అవే. సోమవారం ఆఫీసులో ఎవరైనా పలకరిస్తే మొదటి మాట బొంగురుగా వచ్చేది.

ఒక వేసవిలో అది రాలేదు. ఒకరోజు చూశాను, రెండోరోజూ చూశాను. పాలగిన్నెలో చీమలు పట్టాయి. మూడోరోజు ఆఫీసుకి సెలవు పెట్టి వీధిలోకి వచ్చాను. వచ్చాక తెలిసింది, దాన్ని పిలవడానికి నా దగ్గర ఏ పేరూ లేదని.

ఆ వీధిలో ఏళ్ళ తరబడి ఉంటున్నా ఒక్క గుమ్మం ఎక్కి ఎరగను. ఆరోజు ఎక్కాను. మొదటి ఇంట్లో ఎవరూ పలకకపోతే ప్రాణం కుదుటపడినట్టయింది. వీధి చివర అరుగు మీద మిషను పెట్టుకున్న దర్జీ మాత్రం నేను ఆనవాళ్ళు చెబుతుండగానే అందుకున్నాడు.

"చారల పిల్లాండీ? చెవి తెగిందీ? అది కాలవ అవతల పెంకుటింటి అమ్మగారిదండి. రోజూ పొద్దున్నే ఈ వంతెన మీంచే వెళ్తుందండి."

"కాదండీ, అది నాది," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే అతను కుట్టడం ఆపి నా మొహంలోకి చూశాడు.

"ఆయ్. మరైతే వెళ్ళి చూసుకోండి," అన్నాడు.

పెంకుటింటి గేటు దగ్గర యాభై దాటిన ఒకావిడ తోటకూర మళ్ళకి నీళ్ళు పోస్తోంది. 

"ఎవరు కావాలండీ?"

"పిల్లి… చారల పిల్లి. మీ ఇంట్లో ఉందని చెప్పేరండి. అది మా పిల్లి."

ఆవిడ చెంబు కింద పెట్టి నవ్వింది. "రోజూ రాత్రయితే ఎక్కడికి పోతుందా అనుకునేదాన్నండి. మీ దగ్గరికా! రండి బాబూ, లోపలికి రండి."

ముందుగదిలో మంచం మీద ఆవిడ భర్త పడుకుని ఉన్నారు. ఆయన పొట్ట మీద పిల్లి ఉంది. వెనక కాలికి పాత చీరపేలిక కట్టు, దానిలోంచి పసుపు ఊరుతోంది.

"సైకిలు కింద పడిందండి. ఈయన మీద పడుకోబెడితే గాని కదలకుండా ఉండట్లేదు," అందావిడ. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారట. గ్రౌండులో ఆయన విజిలేస్తే బజారు దాకా వినపడేదట. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది.

పిల్లి కళ్ళు తెరిచి నన్ను చూసి మళ్ళీ మూసుకుంది. మాస్టారి ఎడమ చెయ్యి దాని వీపు మీద ఆగిపోయింది. ఆయన నా వంక చూస్తున్నారు. నేనెందుకు వచ్చానో ఆయనకి అర్థమైంది. 

"కాలు తగ్గేదాకా ఇక్కడే ఉండనివ్వండి," అన్నాను. "సాయంత్రాలు వచ్చి చూసి వెళతాను, మీకు ఇబ్బంది లేకపోతే."

"అయ్యో, ఇబ్బందేవుందండీ! మాకూ మనిషి మొహం చూసినట్టుంటుంది."

కాలు తగ్గింది. పిల్లి మళ్ళీ రాత్రిళ్ళు నా దగ్గరికి వస్తోంది. అయినా నేను వెళ్ళడం మానలేదు. నేను మంచం పక్కన కూర్చుంటే ఆవిడ కూరలకో గుడికో వెళ్ళివచ్చేది. ఆ గదిలో ఎవరూ ఏమీ అడగరు. పెళ్ళెందుకు చేసుకోలేదని గాని, సెలవుల్లో ఊరెందుకు వెళ్ళవని గాని అడగరు. మాట్లాడలేని మనిషి ఎదుట మాట్లాడనివాడు కూర్చోవడంలో ఇంత సుఖముంటుందని అంతకుముందు నాకు తెలియదు.

ఒకసారి నా కథ చదివి వినిపించాను. అప్పటిదాకా నేను ఎవరికీ చదివి వినిపించలేదు. మధ్యలో ఒకచోట, నేను ఎంతో బరువుగా రాశాననుకున్న వాక్యం దగ్గర, ఆయన ఎడమ పెదవి పక్కకి లాగి నవ్వారు. ఇంటికొచ్చి మళ్ళీ చూసుకుంటే అది నవ్వదగ్గ వాక్యమే. కొట్టేశాను. అప్పటినుంచి ఏది రాసినా ముందు ఆయనకి చదివేవాణ్ణి.

చలికాలం మొదట్లో మాస్టారు పోయారు. కబురు తెలిసి ఆఫీసునుంచి వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. నేను కొబ్బరిచెట్టు పక్కన నిలబడ్డాను. ఒకాయన దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగారు.

"తమరేమవుతారండీ మాస్టారికి?"

"తెలిసినవాణ్ణండి," అన్నాను. ఆయన తల ఊపి, పాడె దగ్గరికి వెళ్ళిపోయారు.

కర్మకాండ అయ్యాక ఆవిడ అంతర్వేదిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలనుకుంది. వెళ్ళేముందు నన్ను పిలిచింది. సామాన్లన్నీ సర్దేసిన గదిలో చాపమీద కూర్చుని పిల్లి తల నిమురుతోంది.

"బాబూ, ఒకమాట అడుగుదామనుందండి. అడగడానికి నోరు రావట్లేదు."

"తీసుకెళ్ళండి," అన్నాను.

"మరి మీకో?"

"నాకు ఆఫీసుందిగా అండీ."

ఏం జవాబది? ఆవిడ కళ్ళొత్తుకుంది. మర్నాడు బస్టాండుకి వెళ్ళి, పిల్లిని పెట్టి మూతకట్టిన వెదురుబుట్ట ఆవిడ ఒళ్ళోకి అందించాను. బస్సు కదిలేదాకా అది అరుస్తూనే ఉంది.

చాలారోజులు కిటికీ తలుపు వెయ్యలేదు. దోమలు వచ్చేవి. తర్వాత వేసేశాను. కథలు రాస్తూనే ఉన్నాను గాని, ఏ వాక్యం దగ్గర ఎవరు నవ్వుతారో తెలిసేది కాదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం అంతర్వేది వెళ్ళాను. సరుగుడు తోట పక్కన చెల్లెలి ఇల్లు. ఆవిడ గుమ్మంలోనే, "ఎంత చిక్కిపోయేరు బాబూ!" అంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి వండి పెట్టారు. భోజనమయ్యాక పిల్లి వచ్చింది. బాగా ఒళ్ళు చేసింది. నా చెయ్యి వాసన చూసింది. పక్కింటివాళ్ళు చేపలు ఎండబెట్టిన వైపు వెళ్ళిపోయింది.

ఆవిడ నొచ్చుకుంది. "మూగజీవం కదండీ, మర్చిపోయింది."

"పోనివ్వండి. సుఖంగా ఉందిగా."

బస్సుదాకా వచ్చి, మళ్ళీ రమ్మంది. వస్తానన్నాను. వెళ్ళలేదు. కారణం లేకుండా ఒక ఇంటికి ఎలా వెళతారో నాకు తెలియదు.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఏ ఊరని అడిగాడు. చెప్పాను. ఆయన చెల్లెలి కొడుకు అమలాపురంలోనే చదువుతున్నాడట. వాడి చదువు, తన మోకాళ్ళ నొప్పి, ఈ ఏడాది దింపులో కాయ సరిగ్గా రాని కొబ్బరితోట, అన్నీ చెప్పాడు. నేనూ పిల్లి సంగతి చెప్పాను. "అయ్యో, మరి తెచ్చేసుకోవాల్సిందండీ," అన్నాడు. రాజోలులో దిగిపోతూ, కిటికీ దగ్గరికి వచ్చి, "ఉంటానండి," అని చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. అక్కడినుంచి అమలాపురం దాకా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు.