రొట్టెలమ్మ మా ఇంట్లో ఉన్న నెల

నా చిన్నప్పటి సంగతి ఒకటి రాస్తున్నానని చెబితే మా కోడలు పకపకా నవ్వింది. ఎందుకంటే ఆ చిన్నప్పుడు నాకు యాభై నాలుగేళ్లు. కానీ అక్షరాల లెక్కన చూస్తే నేను అప్పటికి పాలబుగ్గల పిల్లనే. గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర తడబడుతున్న వయసు. జరిగినప్పుడే రాసిపెట్టుకుని ఉంటే ప్రతి మాటా గుర్తుండేది. కానీ చదవడానికే చెమటలు పట్టే ఆ రోజుల్లో రాయడం ఎక్కడిది? అంతకు ముందు ఎందుకు నేర్చుకోలేదంటారా, మా అమ్మ బట్టలు కుట్టేది. బడి గంట కొట్టే వేళకు నన్ను గుండీలు, హుక్కులు కుట్టడానికి కూర్చోబెట్టేది. అమ్మను తప్పు పట్టను, ఆ ఇంట్లో సూదిలోకి దారం ఎక్కించగల కళ్లు నావి మాత్రమే. అంకెలు మాత్రం కొలతల టేపు నేర్పింది. అంకెలు వస్తే ఈ ఊళ్లో చాలా మటుకు నడిచిపోతుంది. బస్సుకు నంబరు, ఇంటికి నంబరు, ఫోనుకు నంబరు. అక్షరాలు అడ్డం వచ్చిన చోట "కళ్లజోడు మర్చిపోయిన బిడ్డా, జెర చదివి పెట్టు" అంటే ఎవరో ఒకరు చదివేవారు. (అప్పటికి నాకు కళ్లజోడే లేదు.) పెళ్లిపత్రిక గానీ, దుకాణం బోర్డు గానీ, మందు సీసా మీది ముక్క గానీ, వాళ్లు చూసి నాకు సారం చెప్పేవారు. ఉన్నదంతా చదివి వినిపించే ఓపిక ఎవరికి ఉంటుంది?

మేముండేది లాలాగూడలో. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ముందుగదిలో నా కుట్టుమిషన్, దానికి ఎదురుగా టీవీ. మా సందులోనే ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది. బ్లౌజులన్నీ నా దగ్గరే కుట్టించుకునేది. ఒకసారి నేను కళ్లజోడు మాట ఎత్తగానే నా గుట్టు పట్టేసింది. "రేపటి సంది పగటి పూట మా ఇంటికి రా. రాకుంటే నా బట్టలు ఇంకో దగ్గర కుట్టించుకుంట" అని బెదిరించింది. వదులుకునే గిరాకీ కాదు, అందుకని వెళ్లాను. ఆమె పట్టుదల గొప్పది. ఏడాది తిరిగేసరికి నేను దుకాణాల బోర్డులు కూడబలుక్కునే దాకా వచ్చాను. అయితే ఆమె ఇచ్చిన వాచకంలో అంతా "ఊయల ఊగు", "ఉడుత రా" వరసే. ఆ ఉడుత వచ్చినా రాకపోయినా నాకు ఒరిగేదేముంది? పుస్తకం తెరవగానే నిద్ర ముంచుకొచ్చేది. ఇంట్లో వాళ్లేమో నేను అక్కడికి నలుగురితో ముచ్చట్లు పెట్టడానికి వెళ్తున్నానని నమ్మారు. వాళ్ల నమ్మకం చెడగొట్టే ధైర్యం నాకూ లేదు. అక్షరాలు వచ్చాయని చెబితే వెంటనే ఏదో ఒకటి చదవమంటారని భయం.

అట్లాంటి రోజుల్లో మా వాడు ఫోను ప్లాను మార్చాడు. దానితో పాటు సినిమాలు చూసే యాప్ ఒకటి నెల రోజులు ఊరికే వచ్చింది. దాన్ని టీవీలో పెట్టాడు. నెల దాటితే డబ్బు కట్టాలి. కట్టాలో వద్దో నెలంతా చూసి తేలుద్దామన్నాడు. మా ఇంట్లో ఏ వస్తువుకైనా వాడిది ఒకటే ప్రశ్న, "వర్త్ ఉందా?" అని. సోఫాకూ అదే ప్రశ్న, నీళ్ల ఫిల్టరుకూ అదే ప్రశ్న. ఆ యాప్‌లో తలా ఒక గడి ఏర్పాటు చేశాడు. ఎవరు ఏం చూసిందీ ఎంత చూసిందీ వాళ్ల గడిలో కనబడుతుంది. నాకూ ఒక గడి ఇచ్చాడు, బొమ్మ కూడా నన్నే ఎంచుకోమన్నాడు. (గుడ్లగూబ బొమ్మ ఎంచుకున్నాను. ఎందుకని అడగలేదు ఎవరూ.)

ఒక మధ్యాహ్నం మా వాడు ఏదో పరదేశం సినిమా పెట్టి, ఫోనొస్తే మాట్లాడుతూ బయటికి వెళ్లిపోయాడు. నేను చీర అంచు కుడుతున్నాను. తలెత్తి చూస్తే మంచు కురుస్తున్న ఊరు. ఒకావిడ పొయ్యిలో రొట్టెలు కాలుస్తూ ఏదో అంటోంది. అది ఏ భాషో నాకు తెలియదు. కానీ కింద తెల్లగా తెలుగు అక్షరాలు! కూడబలుక్కునే లోగా మాయమయ్యాయి. ఇంకో వరస వచ్చింది, అదీ పోయింది. కదిలిపోతున్న బస్సు వెనక పరుగెత్తినట్టుంది నా పని. "ఆగుండ్రి జెర!" అని టీవీ మీద అరిచాను. మన సినిమాలైతే చెవులే కథంతా వినేస్తాయి, కళ్లకు పని ఉండదు. ఇక్కడ చెవులకు ఏమీ అందడం లేదు. ఆవిడ ఏమంటోందో తెలియాలంటే చదవాల్సిందే. నాకు మొదటిసారి చదవాలని ఆకలేసినట్టయింది. మర్నాడు కోడలిని బతిమాలి ఆ సినిమాను నా గడిలో మొదటి నుంచి పెట్టించుకున్నాను. ఆపే మీట ఏదో కూడా అడిగి తెలుసుకున్నాను.

మిషన్ మీద కుట్టు మలుపు తిప్పేటప్పుడు మేము సూదిని గుడ్డలోకి దించి, మిషన్ పాదం పైకెత్తి, గుడ్డను నెమ్మదిగా తిప్పుతాం. సినిమాకూ అదే పద్ధతి పెట్టుకున్నాను. అక్షరాలు రాగానే మీట నొక్కి, కూడబలుక్కుని, అర్థమయ్యాక వదలడం. ఆ ఊరి మనుషుల పేర్లు ఒత్తు మీద ఒత్తుతో నా ప్రాణం తీశాయి. అందుకే పేర్లు నేనే మార్చేశాను. ఆవిడ రొట్టెలమ్మ. తప్పిపోయిన గొర్రెల కోసం కొండెక్కి తిరిగిరాని ఆమె మొగుడు గొర్రెలాయన. ఒకరోజు చాలా పెద్ద మాట వచ్చింది. ఇదేదో కథకు ముఖ్యమైన మాటే అయి ఉంటుందని టీ కూడా పక్కన పెట్టి కుస్తీ పట్టాను. తీరా చదివితే "ఈదురుగాలి హోరు" అని ఉంది. ఆ గాలి నాకు అంతకు ముందే వినబడింది! వినబడేదాన్ని మళ్లీ రాయడమెందుకో ఆ మహానుభావులకే తెలియాలి. ఎక్కువసేపు ఆపితే టీవీ తనంతట తానే చీకటైపోయేది. మొదటిసారి దాన్ని నేనే పాడుచేశాననుకుని, ఆ పూటంతా దాని వైపు చూడకుండా జాకెట్లు కుట్టాను.

గదిలోకి ఎవరైనా వస్తే గభాలున గుడ్డ చేతిలోకి తీసుకునేదాన్ని. తెర మీద రొట్టెలమ్మ మాత్రం నోరు సగం తెరిచి అట్లాగే ఉండిపోయేది. మా ఆయనకు ఆమె బాగా అలవాటైపోయింది. "ఏమే, ఈమె ఇంక నోరు మూయలేదా? ఇన్ని దినాల సంది మనింట్లనే ఉంది, ఇంత అన్నం గిట్ల పెట్టరాదూ?" అనేవాడు. "నీకు పెట్టేదే పరేషానయితుంది, నువ్వు ఊకో" అనేదాన్ని.

ఊరికే వచ్చిన నెల ఇంకా ఒక్క రోజు ఉందనగా ఆదివారం వచ్చింది. భోజనాలయ్యాక మా ఆయన బత్తాయిలు ఒలుస్తుంటే మా వాడు పంచాయితీ షురూ చేశాడు.

"నాయినా, నీకు కావాల్నా ఇది?"

"నాకు వార్తలు చాలురా. ఇండ్ల అన్ని కొట్లాట సినిమాలే."

కోడలి పుట్టింటివాళ్లు కాకినాడ వైపు నుంచి వచ్చి కాప్రాలో స్థిరపడ్డారు. ఆమె మాట మెత్తగా ఉంటుంది. "నేను చూడాలనుకున్నవన్నీ చూసేశానండి. కూరలు తరుక్కుంటూ, స్పీడు పెంచుకుని" అంది.

మా వాడు నా గుడ్లగూబ గడి తెరిచాడు. "అమ్మా, నెల మొత్తంల నువ్వు చూసింది ఒక్కటే సినిమా. అది సుత సగమే!"

"నేను చెప్పలే?" అన్నాడు మా ఆయన. "ఆ రొట్టెలు చేసేటామె దినాం గదే తీరుగ నిలబడి ఉంటది. ఈమె మిషన్ కాడ కూసుంటది. చూసేది ఎవలు?"

"అయితే వర్త్ లేదు. బంద్ చేస్తున్న."

గొర్రెలాయన కొండ మీద మంచులో ఎటుపోయాడో ఇంకా తెలియదు. రొట్టెలమ్మ రోజూ సాయంత్రం కిటికీలో దీపం పెట్టి ఎదురు చూస్తోంది. "ఇంకో నెల ఉండనీరా. కథ సగంల ఉంది" అన్నాను. అందరూ నవ్వారు. అందులో కుళ్లు ఏమీ లేదు, నిజంగానే నవ్వొచ్చే మాట కదా. కోడలు ప్రేమగా నా పక్కకు జరిగింది.

"అయ్యో, దానికోసం డబ్బులు కట్టడం ఎందుకత్తయ్యా? నేను చూశాను కదా ఆ సినిమా. మిగతాది రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. ఆయన కొండ మీదికి వెళ్లాడు చూడండి, అక్కడ..."

"చెప్పకు!"

ఆ అరుపుకు మా ఆయన చేతిలోని బత్తాయి తొన జారి కింద పడింది. అంతకు ముందు ఎప్పుడూ కోడలి మీద గొంతు పెంచినదాన్ని కాదు. ఆ పిల్ల బిక్కముఖం వేసింది. నాకే భయమేసి ఆమె చేయి పట్టుకున్నాను.

"నీ మీద గాదు బిడ్డా. ఇన్నేండ్లు ఎవలో ఒకలు చెప్తేనే తెలుసుకున్న. గీ ఒక్కటి నేనే తెలుసుకుంట."

"చూడకుంటనే ఎట్ల తెలుసుకుంటవే?" అన్నాడు మా ఆయన.

"చూస్తలేనయ్యా, చదువుతున్న."

మా వాడు మెల్లగా లేచి సినిమా పెట్టాడు. రొట్టెలమ్మ కిటికీ దగ్గర నిలబడి ఏదో అంది. నేను మీట నొక్కాను. ముగ్గురూ చూస్తుంటే కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. "ఈ రా... త్రి... కూడా... దీ... పం... ఆ..." అక్కడ ఒత్తు అడ్డం పడింది. అందించబోయి మా ఆయన నోరు తెరిచాడు. కోడలు ఆయన మోచేయి పట్టి ఆపేసింది. (మామగారిని ఆ పిల్ల ముట్టుకుని ఆపడం అదే మొదలు, ఇప్పటికీ అదే ఆఖరు.) ఎంతసేపు పట్టిందో గానీ, "ఆర్పను" అన్నాను. మా వాడు తల తిప్పుకుని రిమోటు కోసం వెతికాడు. అది నా చేతిలోనే ఉంది.

ముందుగా తేరుకున్నది మా ఆయనే. "అరే, మనం ముగ్గురం గా సినిమాలను ఛాయ్ తాగినట్టు తాగి పడేసినం. ఈమె ఒక్క గిలాస నెల రోజులు తాగింది. గిట్టుబాటు ఎవలికైందిరా మరి?" అన్నాడు. డబ్బు తాను కడతానని మా వాడు, కాదు తానని కోడలు. "ఎవలూ వద్దు. నా కుట్టు పైసలు ఉన్నయి, నాది నేనే కట్టుకుంట" అన్నాను. ఇంట్లో మిక్సీ నుంచి మా వాడి కాలేజీ దాకా ఆ కుట్టు డబ్బు చాలా వాటికి వెళ్లింది. ఉపయోగం ఏమిటో చెప్పలేని నా సొంత కోరికకు వెళ్లడం మాత్రం అదే మొదలు. ఆ మధ్యాహ్నం నాకు అనిపించింది, వర్త్ అనేది ఎంతసేపు చూశామన్న దాన్ని బట్టి తేలదేమోనని. ఎట్లా తేలుతుందో మాత్రం ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.

గొర్రెలాయన తిరిగొచ్చాడా లేదా ఇక్కడ రాయను. రాస్తే కోడలి మీద అరిచిన అరుపుకు అర్థం ఉండదు. ఇప్పుడు నేను మీట నొక్కకుండానే చదివేస్తున్నాను. ఒక్క పూటలో సినిమా అయిపోతుంది, వారం తిరిగేసరికి అందులో మనుషుల ముఖాలు కూడా గుర్తుండవు. రొట్టెలమ్మ మెడ దగ్గర చిన్న మచ్చ ఏ వైపు ఉండేదో మాత్రం ఇప్పటికీ చెప్పగలను. ఆ నెల టీవీ ముందు కుస్తీ పట్టిన ఆ మొద్దుపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది.

ఆ మర్నాడు, సోమవారం పొద్దున, మా వాడూ కోడలూ ఆఫీసులకు, మా ఆయన కూరగాయలకు వెళ్లాక మిషన్ మీద గుడ్డ కప్పేశాను. అసలే పెళ్లిళ్ల రోజులు. తలుపు తీసిపెట్టుకుని, పట్టపగలు, చేతిలో ఏ పనీ లేకుండా టీవీ ముందు కూర్చున్నాను. పక్క సందులో ఉండే గిరాకీ ఒకామె జాకెట్ కోసం వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"ఏందక్కా, మిషన్ కప్పిపెట్టినవ్? పానం బాగలేదా?"

"పానం మంచిగనే ఉంది. చదువుకుంటున్న. పొద్దూకంగ రా" అన్నాను.

ఆమె నా చేతుల వైపు చూసింది, పుస్తకం లేదు. టీవీ వైపు చూసింది, నోరు తెరిచి నిలబడ్డ రొట్టెలమ్మ కనబడింది. ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. నేను తెర వైపు తిరిగి చూసేసరికి ఎంతవరకు చదివానో మర్చిపోయాను. మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను.