మిరప ఘాటు కాదు

దగ్గొస్తే మిరప ఘాటని చెప్పడం మానేసి నాలుగేళ్ళవుతోంది.

అప్పుడు కాలేజీకి దూరంగా, సత్తెనపల్లిలో గది తీసుకుని ప్రాజెక్టు చేస్తున్నాను. ఫ్లూ వస్తే తగ్గేదాకా గది దాటొద్దని కాలేజీ వాళ్ళు మెసేజ్ పెట్టారు. అయినా జ్వరంతోనే గుంటూరు బస్సెక్కాను.

పక్క సీట్లో ఒకావిడ, ఆవిడ ఒళ్ళో నెలల పిల్లాడు. ఎక్కినప్పటినుంచీ నన్నే చూస్తోంది. బ్యాగు మీద కన్నేసిందేమోనని దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఇంతలో దగ్గు తెర వచ్చింది.

"జ్వరమా అమ్మాయ్?"

"లేదండీ, మిరప ఘాటు," అన్నాను. కల్లాల్లో కాయలు ఆరబోసే రోజుల్లో మా వైపు ఎవరు దగ్గినా చెప్పే మాటే అది.

ఆవిడ నమ్మలేదు. "పాతికేళ్ళుగా మిరపకాయల తొడిమలు తీస్తున్నా. ఘాటుకి దగ్గొస్తది గానీ వణుకు రాదమ్మా," అంది, నాకొక్కదానికే వినపడేట్టు. పిల్లాడి మొహం మీద కొంగు కప్పి, లేచి ముందుకెళ్ళి నిలబడింది.

"సీటుండగా ఎందుకు నిలబడతావమ్మా? కూర్చో!" అని కండక్టరు కసిరాడు.

"కూర్చుంటే వీడు ఏడుస్తాడయ్యా," అంది నా వైపు చూడకుండా.

వాడు ఆదమరిచి నిద్రపోతున్నాడు. నా పక్క సీటు ఖాళీగా ఉండగానే, ఆవిడ గుంటూరు దాకా నిలబడే వచ్చింది.