ఊపిరి వినపడని పాట

మా ఆఫీసులో గఫారన్న పని పాటలు వినడం. నా పని కూడా అదే. నా పేరు ప్రీతి, ఆయన పక్క కుర్చీ నాది. బెంగళూరు పాటల యాప్ వాళ్లు హిందూపురంలో, బస్టాండు దగ్గర ఒక మేడ మీద పెట్టిన చిన్న ఆఫీసు మాది. జనం యాప్‌లో పెట్టే పాటను మనిషి పాడారా, కంప్యూటర్ చేత పాడించారా అని మేం తేల్చాలి. రోజంతా చెవులకు హెడ్‌ఫోన్లే. సాయంత్రానికి మా అమ్మ పిలిచినా కాస్త తేడాగా వినిపిస్తుంది.

గఫారన్నకు హెడ్‌ఫోన్లు తీశాక కూడా అనుమానం తీరదు. టీ కొట్టులో మోగే పాటకు పెదవి విరుస్తాడు. మా అత్త పంపిన జోలపాట వినిపిస్తే, "మీ అత్తేనా? ఎప్పుడన్నా నీ ఎదురుగా పాడిందా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన కోపం ఎక్కడిదో నాకు తెలుసు. పెనుకొండ బ్యాండులో ఇరవై రెండేళ్లు క్లారినెట్ ఊదిన మనిషి. పెళ్లిళ్లకు డీజేలొచ్చి బ్యాండు మూతపడింది. అప్పటినుంచి ఆయనకు మిషన్ అంటే పగ.

"ఊపిరి విను పాపా. మనిషయితే యాడో ఒకచోట పీల్చాల" అంటాడు. ఊపిరి వినిపించలేదా, మిషన్ అని గుర్తు పెట్టేస్తాడు. మూడు పాటలకు ఆ గుర్తు పడితే ఆ గొంతుకు యాప్‌లో ఇక చోటుండదు, పాత పాటలు కూడా పోతాయి.

ధర్మవరం తిప్పమ్మకు అప్పటికే రెండు గుర్తులు పడ్డాయి. మూడో పాట మా దగ్గరుండగా ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"నేను మనిషిని కాదంటారా? వచ్చి చూసుకోండి. మా అక్క రామగిరిలో మంచం పట్టి ఉండాది. దినామూ నా పాట విన్నాకే అన్నం తింటాది. తీసేస్తే మాత్రం ఊరుకోను."

గఫారన్న మూడుసార్లు విని, "ఈ మాట్లాడేది కూడా మిషనేనేమో" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎదురుగానే పట్టుకుంటానని శనివారం ధర్మవరం రైలెక్కాడు. నేనూ వెళ్లాను. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదాయన, నా అనుమానమంతా ఆయన మీదే.

తిప్పమ్మ మగ్గం మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. గఫారన్న ముందు గది మూలలు చూశాడు, తర్వాత తలెత్తి అటక మీదికి చూశాడు.

"ఏం వెతుకుతాండావప్పా?"

"ఏం లేదులేమ్మా. ఒక పాట పాడు."

"మగ్గం ఆడకుంటే నాకు పాట రాదు."

చూశావా అన్నట్టు ఆయన నా వైపు కళ్లెగరేశాడు. ఆమె నేత మొదలుపెట్టి పాట ఎత్తుకుంది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఎక్కడా ఊపిరి లేదు. తర్వాత కళ్లు తెరిచి, చాలాసేపు ఆమె భుజాలనే చూశాడు. మగ్గం దెబ్బ పడిన ప్రతిసారీ అవి కొద్దిగా లేస్తున్నాయి. సరిగ్గా ఆ చప్పుడులోనే ఆమె గాలి పీలుస్తోంది. నలభై ఏళ్ల అలవాటు.

మా యాప్ ఏ పాటనైనా వెనక చప్పుళ్లు తుడిచాకే మాకు పంపుతుంది. మగ్గం దెబ్బలతోపాటు ఆమె ఊపిరినీ తుడిచేసింది.

"ఊపిరి మనమే తుడిచి, మనమే లేదంటిమి" అన్నాడు గఫారన్న. అక్కడి నుంచే మేనేజర్ రామమూర్తి గారికి ఫోన్ చేసి, "తప్పు నాది సార్. రెండు గుర్తులూ తీసేయండి" అన్నాడు.

తిప్పమ్మ మాత్రం వదల్లేదు. "ఊపిరి గురించి ఇంత తెలిసినోడివి, నువ్వేం చేస్తాంటివప్పా?"

"క్లారినెట్ ఊదుతాంటి."

"ఇప్పుడు?"

"ల్యా. మానేసి పన్నెండేండ్లాయ."

"మరి నువ్వు ఊదినావని నేనెట్ల నమ్మేది?"

తిరుగు రైల్లోంచి పెనుకొండలో తన ఇంటికి దిగిపోతూ గఫారన్న, "క్లారినెట్ పెట్టె యాడ పెట్టినానో చూడాల" అన్నాడు.

సోమవారం నా వంతు పాటల్లో ఒక క్లారినెట్ వచ్చింది. పంపింది గఫార్, పెనుకొండ. పల్లవి దాటకముందే ఊపిరి అందక తెగింది, మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ తెగింది. ఏమంత బాగాలేదు. నాకు ఏడుపొచ్చింది. పక్క కుర్చీలో ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నా వైపు చూడకుండా కూర్చున్నాడు.

మనిషి అని గుర్తు పెట్టాను.